గుడివాడ బావ వేలిముద్ర

చినపాలెంలో వెంకటపతి రాసింది చదవడానికి కళ్లు అక్కర్లేదు, చెవులు చాలు. ప్రతి అక్షరాన్నీ పైకి అంటూ రాయడం అతనికి రెండో తరగతి నుంచీ అలవాటు. పదో తరగతి పరీక్షలో అలాగే రాయబోయి రెండుసార్లు వెనక బెంచీకి మారాల్సి వచ్చింది. పెళ్లి కుదిరాక మహాలక్ష్మమ్మకు రాసిన మొదటి ఉత్తరమైతే పోస్టు డబ్బాలో పడకముందే వీధి వీధంతటికీ తెలిసిపోయింది. యాభై రెండేళ్లు వచ్చి, మత్స్యకారుల సొసైటీకి గుమాస్తా అయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పొద్దున్నే సొసైటీ గోడకున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో "దక్షిణపు గాలి... గంటకి ఇరవై... అలలు రెండు మీటర్లు..." అంటూ అతను రాస్తుంటే, ఒడ్డున వలలు సర్దుకునేవాళ్లు తల తిప్పకుండానే పడవ దించాలో వద్దో తేల్చుకునేవాళ్లు.

ఊరు బందరుకు ఏడెనిమిది కిలోమీటర్లు, సముద్రం ఒడ్డున. సునామీ వచ్చి వెళ్లాక ఒక సేవాసంస్థ వాళ్లు ఊరికి వలలు, లైఫ్ జాకెట్లు, ఒక కంప్యూటరు ఇచ్చారు. వలలు ఒక్క పూటలో పంచుకున్నారు. జాకెట్లు చలికాలంలో పిల్లలకు తొడిగారు. కంప్యూటరును ఏం చేసుకోవాలో ఎవరికీ పాలుపోక వెంకటపతికి అప్పగించారు.

దానితో పని చెప్పింది గుడివాడ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసే మురళీకృష్ణ గారు. తీరంలోని ఏడు సొసైటీలకు గాలీ అలల కబురు అందించే బాధ్యత ఆయన తలకెత్తుకున్నారు. రోజూ ఆ కబురును తన ల్యాబు కంప్యూటరులో పెట్టేవారు. వెంకటపతి ఫోను తీగ గుండా ఆ కంప్యూటరులోకి వెళ్లి, చదివి, బల్ల మీద రాయాలి. వచ్చేటప్పుడు నిన్న తమ ఒడ్డున గాలి ఎలా ఉందో అందులో రాసి రావాలి. అది మిగతా ఆరు సొసైటీలవాళ్లూ చదువుకుంటారు. లోపలికి వెళ్లాలంటే పాస్‌వర్డు కావాలి. మర్చిపోతానేమోనని వెంకటపతి దాన్ని నల్లబల్ల కుడివైపు మూల రాసిపెట్టుకున్నాడు. ఎవరూ చెరపకుండా చుట్టూ గీత కూడా గీశాడు.

రెండువేల ఆరు మార్చిలో ఒకరోజు ఫోను మోగింది. మురళీకృష్ణ గారిది బొంగురు గొంతు, నిదానమైన మాట.

"వెంకటపతి గారూ, నిన్నటి మీ రిపోర్టు చదువుతాను వినండి. దక్షిణపు గాలి పన్నెండు. ఆకాశం నిర్మలం. శోభనాద్రి గారి గేదె తప్పిపోయింది, నల్లది, ఎడమ కొమ్ము వంకర."

"గాలి వరకూ నాదేనండీ," అన్నాడు వెంకటపతి.

శోభనాద్రి సొసైటీ ప్రెసిడెంటు, వెంకటపతికి వరసకు బావ. అడిగితే ఆయన ఏమీ దాచలేదు. "పాస్‌వర్డు బల్ల మీద ఉందిగా, అందరికోసం రాశావనుకున్నాను. గేదె దొరికింది కూడాను. పక్క పాలెం సొసైటీవాళ్లు చదివి తోలుకొచ్చారు. మంచి మెషీనురా ఇది!"

ఈ సంగతి విని మురళీకృష్ణ గారు సంతోషించలేదు. "ఇవాళ గేదె గురించి రాశారు. రేపు ఎవరో సరదాకి 'గాలి లేదు, హాయిగా వెళ్లండి' అని రాస్తే ఏమవుతుందండీ?"

ఆ కబురు నమ్మి సముద్రం మీదికి వెళ్లేవాళ్లలో వెంకటపతి తమ్ముడు నాగబాబు ఉన్నాడు, ఇద్దరు మేనల్లుళ్లు ఉన్నారు. అతను వెంటనే తడిగుడ్డ తెచ్చి బల్ల మూల తుడిచేశాడు.

"ఇక పాస్‌వర్డు వద్దండీ, తాళం పెడదాం," అన్నారు మురళీకృష్ణ గారు. "మీ కంప్యూటరులోనే ఒక జత తయారవుతుంది. ఒకటి తాళంకప్ప, రెండోది తాళంచెవి. కప్పని నాకు పంపండి, నా తలుపుకి బిగిస్తాను. దాన్ని నడిబజార్లో పెట్టినా నష్టం లేదు. చెవి మాత్రం మీ దగ్గరే ఉండాలి. మీ ఆవిడకి కూడా చూపించకండి."

ఆయన ఫోనులో చెప్పిన అక్షరాలను ఒక్కొక్కటే పైకి అంటూ కొట్టి, వెంకటపతి జత తయారుచేశాడు. కప్పను ఫ్లాపీలోకి ఎక్కించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి భార్యకు ఇచ్చాడు. మహాలక్ష్మమ్మ వారానికి మూడు రోజులు గుడివాడ మార్కెట్టుకు చేపలు తీసుకెళ్లి అమ్ముతుంది. ఆమె ఫ్లాపీని చందువ చేపల మధ్య దోపుకుని బస్సెక్కింది.

మర్నాడు ఫోను వచ్చింది.

"ఫ్లాపీ అందిందండీ. ల్యాబంతా చేపల వాసన. అది సరే, మీరు నాకు పంపింది కప్ప కాదు, చెవి."

రెండింటికీ ఒకటే పేరు, ఒకదానికి మాత్రం చివర మూడక్షరాల తోక ఉంటుంది. తోక ఉన్నదే విలువైనదని వెంకటపతి దాన్ని దాచుకుని, తోక లేనిదాన్ని పంపాడు.

"మీరే కదండీ చూసింది, పరాయివాళ్లు కాదుగా," అన్నాడు నసుగుతూ.

"నా సంగతి వదిలేయండి. బుట్టలోంచి నా దాకా వచ్చేసరికి అది ఎన్ని చేతులు మారిందో! రెండూ తీసిపారేసి కొత్తవి చేయండి."

ఈ మాట మహాలక్ష్మమ్మ చెవిన పడింది. "చేతులు మారిందా? నా బుట్టలో చెయ్యి పెట్టే మగాడు గుడివాడలో ఇంకా పుట్టలేదని చెప్పు ఆయనకి!"

రెండో జత చేసేటప్పుడు చెవికి కూడా ఒక రహస్య వాక్యం పెట్టమన్నారు మురళీకృష్ణ గారు. ఎవరైనా చెవిని ఎత్తుకుపోయినా, ఆ వాక్యం తెలియకపోతే అది పనిచేయదట. వెంకటపతి బాగా ఆలోచించి, ఎవరూ ఊహించలేని వాక్యం ఒకటి ఎంచుకున్నాడు. "మా... అమ్మ... సుబ్బమ్మ... పీతల... పులుసు..." అంటూ కిటికీ పక్కన కూర్చుని కొట్టాడు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే వలలు అల్లే తాతయ్య పిలిచి, "మీ అమ్మ పీతల పులుసు నేనూ తిన్నానురా, ఆ చెయ్యి మళ్లీ రాదు," అని కళ్లు తుడుచుకున్నాడు.

"నోరు మూసుకుని టైపు చేయలేరా అండీ?" అన్నారు మురళీకృష్ణ గారు. ఆయన సహనానికి అది చివరి మెట్టు.

వెంకటపతి నిజంగానే ప్రయత్నించాడు. పళ్లు బిగించినా పెదవులు కదిలాయి, పెదవులు పట్టుకుంటే టైపు చేయడానికి చెయ్యి చాలలేదు. ఆఖరికి చెంబెడు నీళ్లు తెచ్చుకుని, నోటినిండా పోసుకుని మూడో జతకు కొత్త వాక్యం కొట్టాడు. సరిగ్గా అప్పుడే శోభనాద్రి లోపలికి వచ్చాడు. బుగ్గలు ఉబ్బి, కళ్లు తేలేసి, చెమటలు కక్కుతూ కూర్చున్న బావమరిదిని చూసి హడలిపోయాడు.

"ఏమైందిరా? పన్నా? మాట పడిపోయిందా?"

వెంకటపతి తల అడ్డంగా ఊపాడు. ఆ వాక్యాన్ని రెండుసార్లు కొట్టాలి, ఇంకా ఒకసారే అయింది. శోభనాద్రి బయటికి పరుగెత్తి రిక్షా పిలుచుకొచ్చేసరికి అతను నీళ్లు మింగి, ముఖం తుడుచుకుని, "ఏంటి బావా, ఎవరికి బాగోలేదు?" అని అడిగాడు. రిక్షా వచ్చింది కదా అని శోభనాద్రి అందులో బందరు వెళ్లి క్షవరం చేయించుకొచ్చాడు.

ఈసారి తోక ఉన్నదే గుడివాడ వెళ్లింది. తలుపుకు కప్ప బిగించామని కబురు వచ్చాక, మురళీకృష్ణ గారు ఫోనులోనే ఇంకొక ఫైలు రాయించారు. గుడివాడ కంప్యూటరు నెంబరు ఏమిటి, అందులో వెంకటపతి పేరేమిటి, చెవి ఎక్కడ దాచాడు, ఇవన్నీ తన కంప్యూటరులోనే ఒకచోట రాసి పెట్టుకుంటే రోజూ ఆ పొడుగు నెంబరు కొట్టక్కర్లేదు, ఒక ముద్దుపేరు కొడితే చాలు.

"ఏ పేరైనా పర్లేదా అండీ?"

"మీ నోటికి అలవాటైనది పెట్టుకోండి."

చినపాలెంలో సగం మంది వెంకటపతికి బావలే. నోటికి అంతకంటే అలవాటైన మాట లేదు. 'బావ' అని పెట్టాడు.

మొదటిసారి బావను పిలిచినప్పుడు కంప్యూటరు అనుమానపడింది. ఈ అవతలివాడెవరో నాకు తెలియదు, ఇదీ ఇతని వేలిముద్ర, నమ్మమంటావా అని ఇంగ్లీషులో అడిగి, ముప్ఫై రెండు అంకెలూ అక్షరాలూ చూపించింది. మురళీకృష్ణ గారు గుడివాడలో తన కంప్యూటరు అసలు వేలిముద్రను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. రెండూ ఒకటేనని ఫోనులో సరిచూసుకోవాలి. కానీ ఆ లైనులో బీ, సీ, డీ, ఈ అన్నీ ఒకేలా వినిపించాయి. మూడుసార్లు తప్పాక వెంకటపతి ఊళ్ల పేర్లు మొదలుపెట్టాడు. ఏ అంటే అవనిగడ్డ, బీ అంటే బందరు, సీ అంటే చల్లపల్లి, డీ అంటే దివి, ఈ అంటే ఎదురుమొండి. ఎఫ్‌కు ఎంత వెతికినా ఊరు దొరకలేదు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీతో సరిపెట్టుకున్నాడు.

"నాలుగు, ఫ్యాక్టరీ! బందరు, రెండు! సున్నా, చల్లపల్లి! తొమ్మిది, ఎదురుమొండి! చల్లపల్లి, చల్లపల్లి!"

"చల్లపల్లి రెండుసార్లా అండీ?"

"రెండుసార్లేనండీ. దివి, ఏడు! అవనిగడ్డ, బందరు!"

అరుగు మీద తాతయ్యకు ఇది నచ్చలేదు. "చల్లపల్లి నుంచి చల్లపల్లికి బస్సేంటిరా? అవనిగడ్డ దాకా వెళ్లి మళ్లీ బందరు ఎందుకు తిప్పుతున్నాడు? వాడెవడో డ్రైవరు తాగున్నాడు, ఎక్కొద్దని చెప్పు!"

ముప్ఫై రెండూ సరిపోయాయి. వెంకటపతి 'సరే' అని కొట్టాడు. వెంటనే కంప్యూటరు ఇంకో పేచీ పెట్టింది. నీ చెవిని ఎవరు పడితే వాళ్లు చూడగలిగేలా వదిలేశావు, ఇలాంటి చెవిని నేను వాడను పొమ్మంది. మురళీకృష్ణ గారు చెప్పిన ఇంకో ముక్క కొట్టి, ఆ ఫైలు తను తప్ప ఎవరూ తెరవకుండా చేశాక గాని అది శాంతించలేదు. వెంకటపతికి దాని మీద గౌరవం పుట్టింది. సొసైటీ బీరువా తాళంచెవి ఏనాటి నుంచో బీరువా పక్కనే మేకుకు వేలాడుతోంది, బీరువా ఏనాడూ నోరెత్తలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఏ పేచీ లేకుండా గడిచాయి. పొద్దున్నే వెంకటపతి నోటినిండా నీళ్లు పోసుకోవడం, బావను పిలవడం, కబురు చదివి బల్ల మీద అరుస్తూ రాయడం ఊరికి అలవాటైపోయింది.

ఆగస్టులో ఒక శుక్రవారం, శ్రావణమాసం పెళ్లిళ్ల రోజుల్లో, బావను పిలిస్తే తెరనిండా పెద్దక్షరాలు దిగబడ్డాయి. అవతలివాడి గుర్తింపు మారిపోయింది, ఎవరో దుర్మార్గం చేస్తుండవచ్చు అని దాని సారాంశం. వెంకటపతి నీళ్లు మింగేశాడు.

"బావ మారిపోయాడు!" అని కేకపెట్టాడు.

గుమ్మంలో బీడీ కాలుస్తున్న శోభనాద్రి ఉలిక్కిపడ్డాడు. "నేనేం మారానురా?"

"నువ్వు కాదు, గుడివాడ బావ. వేలిముద్ర కలవట్లేదు. లోపల ఎవరో ఉన్నారు."

మురళీకృష్ణ గారికి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. కాలేజీకి చేస్తే, ఆయన ముదినేపల్లిలో పెళ్లికి వెళ్లారనీ సాయంత్రానికి గాని రారనీ వాచ్‌మన్ చెప్పాడు. బయట పది పడవలు కబురు కోసం ఎదురుచూస్తున్నాయి. ఆకాశం నీలంగా, అమాయకంగా ఉంది.

"నీ కంప్యూటరులో పాత వేలిముద్ర రాసున్న లైను తీసేస్తే లోపలికి పోనిస్తుందని నువ్వే చెప్పావుగా," అన్నాడు శోభనాద్రి. "తీసెయ్. ఒక్క లైనేగా."

"తీయను."

"నేను ప్రెసిడెంటుని, చెబుతున్నాను."

"నువ్వు గేదె గురించి రాసినప్పుడూ ప్రెసిడెంటువే బావా."

శోభనాద్రి బీడీ పారేసి బయటికి వెళ్లిపోయాడు. వెంకటపతి సుద్దముక్క తీసుకుని బల్ల మీద రాశాడు. "ఈ రోజు... గుడివాడ కబురు... లేదు. లోపల ఉన్నది... మనవాడో కాదో... తెలియదు. వెళ్లొద్దని... నా మాట."

ఒడ్డున గోల మొదలైంది. గాలి మాట మురళీకృష్ణ గారిది గాని వెంకటపతిది ఎప్పుడైంది? ఆకాశం చూస్తే తెలియట్లేదా? కొందరు తిట్టుకుంటూ పడవల్లోంచి వలలు ఒడ్డుకు దింపేశారు. నాగబాబు మాత్రం వినలేదు. "ఎప్పుడూ ఇంట్లో కూర్చునేవాడివి, నీకేం తెలుసు అన్నయ్యా," అంటూ పడవను నీళ్లలోకి తోయించాడు. ఆ మాట వెంకటపతికి గట్టిగానే తగిలింది. పంచె ఎగ్గట్టి, నడుంలోతు నీళ్లలో నడిచివెళ్లి, పడవ అంచు పట్టుకుని ఎక్కి, వల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పదండి, నేనూ వస్తాను."

వెంకటపతి నూట ఐదు కిలోల మనిషి. అతను కూర్చున్నది వల మధ్యలో. కింద వల ఉంటే చేపలు పట్టేది ఎలా? దింపుదామని నలుగురు పట్టుకుంటే పడవ ఒక పక్కకు ఒరిగిందే గాని అతను కదల్లేదు. మహాలక్ష్మమ్మకు కబురు వెళ్లింది. ఆమె ఒడ్డుకు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఆయన కూర్చుంటే నేనే లేపలేను, మీవల్ల ఏమవుతుంది," అని చెప్పి వెళ్లిపోయింది. గంటన్నర అలా గడిచింది. ఈలోగా పాటు పూర్తిగా తీసి, నీళ్లు వెనక్కిపోయి, పడవ అడుగు ఇసుకలో కూరుకుపోయింది. నాగబాబు తెడ్డు విసిరికొట్టి ఇంటికి వెళ్లి పడుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి పడమటి నుంచి గాలి లేచింది. ముందు ఇసుక రేగింది, తర్వాత ఆరేసిన వలలు లేచాయి, ఆ తర్వాత సొసైటీ పైకప్పు రేకు ఒకటి ఊడి తాటితోపులో పడింది. సముద్రం బురదరంగుకు తిరిగింది. నాగబాబు గుమ్మంలో నిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం వదిన ఇంటికి వచ్చి, అన్నయ్య ఎదురుగా కూర్చుని, రెండు గ్లాసుల టీ తాగి వెళ్లాడు.

ఆరింటికి మురళీకృష్ణ గారు ఫోను చేశారు. ముందురోజు ల్యాబు కంప్యూటరు డిస్కు చచ్చిపోయింది. ఆయన ఊళ్లో లేనప్పుడు ఎవరో ఉపకారం చేద్దామని ఆ నెంబరుకే వేరే కంప్యూటరు తగిలించి, జూన్ నాటి సీడీలోంచి అన్నీ అందులోకి ఎక్కించారు. తాళంకప్ప కూడా అందులో ఉంది. కబురు ఫైలూ జూన్‌దే. అందులో తారీఖు లేదు, 'ఈ రోజు గాలి మామూలు, అలలు తక్కువ' అని మాత్రం ఉంది.

"మీరు ఆ లైను తీసేసి ఉంటే తలుపు తెరుచుకునేదండీ. అదే చదివి రాసేవాళ్లు. వేరే రెండు సొసైటీలవాళ్లు ఆ లైను తీసేసి చదివారు. మబ్బు చూసి సగం దారిలో వెనక్కి తిరిగారు కాబట్టి సరిపోయింది. తప్పు నాది. తారీఖు వేయాలన్న బుద్ధి నాకు లేకపోయింది."

"ఆదివారం భోజనానికి రండి," అన్నాడు వెంకటపతి.

ఆదివారం బస్సు దిగి వచ్చినవాణ్ణి చూసి వెంకటపతి పక్కకు తప్పుకుని, వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. బట్టతల, కళ్లజోడు, చేతికర్ర ఉన్న పెద్దమనిషి కోసం అతను ఎదురుచూస్తున్నాడు. వచ్చింది ఇరవై ఆరేళ్ల బక్కపలచని కుర్ర లెక్చరరు.

"మురళీకృష్ణ గారి అబ్బాయా?"

"నేనేనండీ మురళీకృష్ణని."

గొంతు అదే. వెంకటపతి భార్య వైపు తిరిగాడు. "ఫ్లాపీలు ఇచ్చేటప్పుడు నువ్వు చూశావుగా, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా?" అంది మహాలక్ష్మమ్మ, వంజరం ముక్కలు వేయిస్తూ.

భోజనాల దగ్గర తేలిన విషయం ఇంకొకటి ఉంది. ఏడాదిన్నరగా రోజూ అలల ఎత్తు పంపిస్తున్న మురళీకృష్ణ పుట్టి బుద్ధెరిగాక పడవ ఎక్కలేదు. గుడివాడలో ఎక్కడానికి ఏముంటుంది? ఈ మాట విన్న నాగబాబు చెయ్యి కడుక్కుని లేచాడు. "రండి సార్, తిప్పుతాను. ఇవాళ గాలి లేదని మీరే అన్నారుగా."

గాలి నిజంగానే లేదు. రెండు అలలు దాటారో లేదో మురళీకృష్ణ అంచు పట్టుకున్నాడు. నాలుగో అలకు మహాలక్ష్మమ్మ వండినదంతా సముద్రానికి అప్పగించాడు. ఒడ్డుకు తెచ్చి ఇసుక మీద పడుకోబెడితే, కళ్లు మూసుకునే, "ఒక మీటరు అలలంటే ఇంత ఉంటాయా అండీ?" అన్నాడు.

"ఇవాళ్టివి అర మీటరే సార్," అన్నాడు నాగబాబు, చాలా మర్యాదగా.

మర్నాడు వెంకటపతి చెంబు పట్టుకుని కూర్చుని బావను పిలిచాడు. కొత్త వేలిముద్రను మురళీకృష్ణ స్వయంగా కాగితం మీద రాసి తెచ్చి ఇచ్చి వెళ్లాడు కాబట్టి అంతా సవ్యంగా జరిగింది. కబురు మొదట్లో తారీఖు ఉంది. గాలి ఉంది, అలలు ఉన్నాయి. వాటి కింద ఎన్నడూ లేని ఒక లైను చేరింది. దాన్ని రాయాలా వద్దా అని వెంకటపతి కాసేపు ఆలోచించాడు. గుడివాడ నుంచి వచ్చినదాంట్లో కోత పెట్టడానికి తనెవరని సుద్దముక్క అందుకున్నాడు.

"కొత్తగా... పడవ ఎక్కేవాళ్లు... భోజనం... తిరిగొచ్చాక... చేయవలెను."

ఒడ్డున వలలు సర్దుకునేవాళ్లందరూ ఆ రోజు మొదటిసారి తల తిప్పి బల్ల వైపు చూశారు.